ఉమ్మడి గోడ

ఆ వీధిలో షాపులన్నీ ఒకే పాత భవనంలో వరుసగా ఉండేవి. గోడలు లావు, కిటికీలు వదులు. చలికాలం వస్తే షాపుల వాళ్ళకి చలి కంటే ముందు కరెంటు బిల్లు చూసి వణుకు పుట్టేది. అందుకని నెలకో ఆదివారం మధ్యాహ్నం ఒకరి షాపులో కూర్చుని, ఎవరు ఏ ఉపాయంతో వేడి మిగుల్చుకున్నారో చెప్పుకునేవాళ్ళు. బట్టలారబెట్టే మిషను ఆవిరితో నీళ్ళు కాచుకుంటున్నానని లాండ్రీ ఆయన చెప్పాడు. చెప్పుల షాపాయన తలుపు సందుల్లో తోలుముక్కలు కుక్కితే చలి ఆగింది గానీ, ఆ వాసనకి వచ్చేవాళ్ళు కూడా ఆగిపోయారట. వీళ్ళందరికీ పెద్ద దిక్కు, కిటికీలకి అద్దాలు బిగించే అద్దాలాయన. ఎవరి షాపుకి వెళ్ళినా నూనెగుడ్డ చుట్టిన పుల్ల ఒకటి వెలిగించి, ఊది ఆర్పి, ఆ పొగని కిటికీల దగ్గరా తలుపుల దగ్గరా పట్టి చూసేవాడు. పొగ వంగితే అక్కడ గాలి దూరుతున్నట్టు. నిటారుగా లేస్తే ఏ బెంగా లేదు.

ఆ ఆదివారం, బట్టలు కుట్టే షాపు నడుపుతూ అందరి చేతా దర్జీ చెల్లి అనిపించుకునే ఆమె వంతు. ఆమె షాపులోకి అడుగు పెట్టగానే అందరూ కోట్లు విప్పేశారు. హీటరు లేదు, కుంపటి లేదు, అయినా గది వెచ్చగా ఉంది.

"ఏం మాయ చేశావమ్మా?" అన్నాడు అద్దాలాయన, పొగపుల్ల తిప్పుతూ.

"మాయేం లేదండీ. మిగిలిన గుడ్డపీలికలు కూరి బొంతలు కుట్టాను. పైకప్పు కింద పరిచాను. పరదాల్లో ఉన్నవీ అవే."

"చూసి నేర్చుకోండయ్యా. ఈ చలికాలానికి మన వీధి మొత్తంలో వెచ్చని షాపు ఇదే," అన్నాడాయన.

అందరూ చప్పట్లు కొట్టారు. రొట్టెలక్క కూడా కొట్టింది, రెండు చేతులూ తగిలీ తగలకుండా.

రొట్టెలక్క బేకరీ ఆ పక్కనే. వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు, రొట్టెలక్క పెద్దకోడలు. రెండు షాపులకీ మధ్య ఒక్కటే గోడ. గోడకి ఇటు రొట్టెలు కాల్చే ఇటుకల బట్టీ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ ఆరనివ్వరు. అటువైపు, సరిగ్గా బట్టీ వెనక, ఒక పాత పీట ఉంటుంది. అది అత్తగారి పీట. ఆవిడ పోయి ఏడాదైనా దర్జీ చెల్లి దాన్ని అక్కణ్ణుంచి కదపలేదు.

ఆ పీట కంటపడితే చాలు, రొట్టెలక్క లోలోపల ఉడికిపోతుంది. అత్తగారికి వేళకి అన్నం పెట్టింది తను. మోకాళ్ళకి తైలం రాసింది తను. ఆవిడేమో తిన్న చెయ్యి ఆరకముందే పక్క షాపుకి చక్కా పోయి ఆ పీట మీద కూర్చునేది. "ఇక్కడే కూర్చోవచ్చుగా అత్తయ్యా?" అని అడిగితే, "పిండి దుమ్ముకి దగ్గొస్తుందే. అక్కడ గోడకి వీపు ఆన్చుకుంటే వెచ్చగా ఉంటుంది" అనేది. రొట్టెలక్క ఆ మాట ఏనాడూ నమ్మలేదు. చిన్నకోడలంటే ముద్దు, అంతే. చాకిరీ తనది, ముద్దు దానికి. అత్తగారు పోయినా ఆ కుళ్ళు పోలేదు.

అందరూ టీ తాగుతుంటే రొట్టెలక్క మెల్లగా పీట పక్కకి చేరి, ఎవరూ చూడకుండా గోడ మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది. ఇంకేముంది, ఒళ్ళు భగ్గుమంది. ఇది గుడ్డపీలికల గొప్పా కాదు, పరదాల గొప్పా కాదు. ఇది నా బట్టీ వేడి. కట్టెలు నావి, చెమట నాది, చప్పట్లు మాత్రం దీనికా అనుకుంది. ఆ మాట పైకి అనొచ్చు. కానీ అంటే, తన వేడి కారిపోతోందని తనే పదిమందిలో ఒప్పుకున్నట్టవుతుంది.

"ఏవండీ," అంది అద్దాలాయనతో, మాటవరసకి అడుగుతున్నట్టు. "బట్టీ వేడి వెనక గోడలోకి పోకుండా ఏం చెయ్యాలి?"

"మంటకి తట్టుకునే ఊలు పలకలుంటాయమ్మా. బట్టీ వెనక గోడకి అవి పెట్టి పైన రేకు కొట్టించు. పిసరంత కూడా అవతలికి పోదు."

ఆ వారంలోనే కొట్టించేసింది. బట్టీ వెనక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు ఉండేది, ఇప్పుడది ఇంకా ఇరుకైంది. కట్టెలు ఆదా అవుతాయని మొగుడికి చెప్పింది. తనకి తాను కూడా అదే చెప్పుకుంది, అయితే మొగుడు నమ్మినంత తొందరగా తను నమ్మలేకపోయింది.

నాలుగు రోజులు తిరగకుండానే దర్జీ చెల్లి శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది. ఆ శాలువా చూడగానే రొట్టెలక్కకి కడుపు నిండిపోయింది.

"అక్కా, నీ బట్టీ సరిగ్గా మండుతోందా? మా గోడ మంచులా అయిపోయింది."

"బాగానే మండుతోందే. నీ బొంతల్లో పీలికలు అణిగిపోయాయేమో చూసుకో."

"సర్లే అక్కా..." అని వెళ్ళబోయి ఆగింది. "అత్తయ్య పీట కనబడట్లేదు. నువ్వు గానీ తెచ్చావా?"

"ఆ పీట నాకెందుకే?" అంది రొట్టెలక్క. ఆ మాట మాత్రం నిజమే.

ఆ సాయంత్రం త్వరగా చీకటి పడింది. మొగుడు రొట్టెలు ఇచ్చి రావడానికి హోటళ్ళకి వెళ్ళాడు. రొట్టెలక్క ఒక్కతే బట్టీలో కట్టెలు సర్ది, పిండి మీద గుడ్డ ఎత్తి చూసింది. పొంగాల్సిన పిండి అడుక్కి అంటుకుపోయి ఉంది. వేలితో నొక్కితే చల్లగా తగిలింది. బట్టీలోకి తొంగి చూసింది. మంట ఎర్రగా, నిండుగా ఉంది. కానీ ఆ మంట ఎదురుగా నిలబడిన తన నోట్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది.

కాలిన రొట్టె వాసన కింద ఇంకేదో వాసన. ముందు పోల్చుకోలేకపోయింది. తరవాత తెలిసింది. మోకాళ్ళకి రాసే తైలం.

ఆ సీసా ఎప్పుడో పారేసింది...

బట్టీ వెనక ఎవరో దగ్గారు. పొడి దగ్గు. పిండి దుమ్ముకి వచ్చే దగ్గు.

"ఎవరు?"

నేల మీద ఏదో చెక్క వస్తువు జరిగిన చప్పుడు. కొంచెం జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది...

లాంతరు పట్టుకుని బట్టీ పక్కనుంచి ఆ సందులోకి చూసింది. పిల్లి కూడా ఇబ్బంది పడే ఆ ఇరుకులో పీట ఉంది. రేకుకి ఆనించి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు కొంచెం ఓరగా ఉంది. రేకు మీద, కూర్చున్న మనిషి భుజాలెత్తున, తడి మరక.

వెనక్కి తిరుగుదామనుకుంది.

"పెద్దమ్మాయ్..."

ఆ పిలుపు సందులోంచి రాలేదు. వెనకనుంచి వచ్చింది.

"చలేస్తోందే..."

"అత్తయ్యా..." అంది రొట్టెలక్క, వెనక్కి చూడకుండానే. "చెల్లి దగ్గరికి వెళ్ళండి... మీకు అక్కడే కదా బాగుంటుంది..."

"అక్కడ గోడ చల్లారిపోయిందే..."

బట్టీలో కట్టె చిటపటలాడింది.

"ఇంక నీ దగ్గరే ఉంటాలే."

కాపురానికి వచ్చిననాటి నుంచి రొట్టెలక్క ఎదురుచూసిన మాట అది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, అంత భయంలోనూ ఆమె మనసు ఒక్క క్షణం చల్లబడింది. గెలిచాననుకుంది. అంతలో ఆమె వీపుకి ఏదో ఆనింది. ఇంకో వీపు. సన్నగా, ఎముకలు తెలిసేలా, గోడకి ఆనుకున్నట్టే మెల్లగా బరువంతా వేసి... ఆనుకుంది.

మర్నాడు పొద్దున్నే రేకు పీకేసింది. ఊలు పలకలు గోళ్ళతో చింపి బయట పారేసింది. లాభం లేకపోయింది. గోడ మళ్ళీ వేడెక్కింది గానీ అత్తగారికి ఇంక దాని అవసరం ఉన్నట్టు లేదు. పీటని తీసుకెళ్ళి దర్జీ చెల్లి గుమ్మంలో పెట్టి వస్తే, సాయంత్రానికి బట్టీ వెనకే ఉంది. రొట్టెలక్క రెండు శాలువాలు కప్పుకునేది. పడుకుంటే బోర్లా పడుకునేది. ఏం చేసినా వీపు మీది చలి మాత్రం వదల్లేదు. ఇదంతా ఏమని ఎవరికి చెప్పుకుంటుంది?

తరవాతి నెల మీటింగు బేకరీలోనే. ఆమె వంతు తప్పించుకోవడానికి లేకపోయింది. బట్టీ భగభగా మండుతున్నా ఒక్కరూ కోటు విప్పలేదు. చెప్పుల షాపాయన చేతులు చంకల్లో పెట్టుకుని, "రొట్టెలమ్మే షాపులో ఐసు అమ్ముతున్నావేంటక్కా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అద్దాలాయన పుల్ల వెలిగించి ఊదాడు. తలుపు దగ్గర పొగ నిటారుగా లేచింది. కిటికీ దగ్గరా అంతే. చిమ్నీ పక్కన, గడప కింద, అన్నిచోట్లా చూశాడు.

"చిత్రంగా ఉందే. చీమ దూరే సందు కూడా లేదు. మరి ఈ చలి ఎక్కణ్ణుంచి..."

మాట్లాడుతూనే రొట్టెలక్క పక్కనుంచి వెళ్ళాడు. పొగ వంగింది.

ఆయన ఆగాడు. పొగ ఆమె వీపు వెనక్కి, ఏమీ లేని చోటికి సన్నగా వెళ్ళింది. తరవాత అక్కణ్ణుంచి తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది... మళ్ళీ వచ్చింది.

"పుల్ల తడిసినట్టుంది," అని అద్దాలాయన గొణిగాడు, కానీ చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాడు.

దర్జీ చెల్లి కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో భయం లేదు. రొట్టెలక్క వీపు వెనక్కి చూస్తోంది, పెదవులు బిగించి, కళ్ళల్లో నిప్పులు పోసుకుని. ఆ చూపు రొట్టెలక్కకి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి ఆ పీట వైపు తను చూసిన చూపే అది.

"అత్తయ్య నీ దగ్గరికి వచ్చేశారా అక్కా?" అంది, ఒక్క రొట్టెలక్కకే వినబడేలా. "నన్ను ఎప్పుడైనా అడుగుతారా?"

రొట్టెలక్క నోరు తెరిచింది. అడుగుతారు అంటే అత్తయ్య అటు వెళ్ళిపోయి ఈ చలి వదులుతుందేమో. అడగరు అంటే గెలుపు తనదే, కానీ...

అద్దాలాయన చేతిలో పొగ వంగినది వంగినట్టే ఆగిపోయింది. జవాబు వినడానికి ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.