నాలుకబండ మీద మిట్టమధ్యాహ్నం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రి కంటే భయంకరమైన ఘడియ ఒకటుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. ప్రచండ భానుడు నడినెత్తికి చేరి, మనిషి నీడ మనిషి అరికాళ్ల కిందికి దూరి దాక్కునే ఘడియ! నీడ కూడా తోడు రాని ఆ కాసిన్ని నిమిషాల్లో మనిషి ఒంటరి... దిక్కులేని ఒంటరి! క్షుద్రశక్తులు కోరలు సవరించుకునేది చీకట్లోనే అనుకునేవాళ్లు ఆ వేళ కొండెక్కకపోవడమే మంచిది.

సరిగ్గా ఆ ఘడియకి అరగంట ముందు, ఘాట్ రోడ్డు మీద ఓ తెల్లకారు వగరుస్తూ పైకెక్కుతోంది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు. అక్కా, చెల్లెలూ.

అక్క ఓ ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇరవై రెండేళ్లుగా జనం రక్తాలూ, కఫాలూ, పైకి చెప్పుకోలేని మరికొన్నీ చిన్న చిన్న డబ్బాల్లో పట్టించి, చీటీ అంటించి, పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, అదే చేతుల్తో నింపాదిగా క్యారియర్ విప్పుకోగల మనిషి. అయితే అది డ్యూటీ. డ్యూటీ దిగిందంటే ఒకరు తాగిన గ్లాసు ముట్టదు, బస్సు సీటు మీద తువ్వాలు పరచందే కూర్చోదు. "నీతో ప్రయాణమంటే ఆపరేషన్ థియేటర్‌ని వెంటేసుకుని తిరిగినట్టేనే అక్కా" అని చెల్లెలు ఆట పట్టించేది. అదంతా ఒకప్పుడు.

ఎనిమిది నెలల కిందట చెల్లెలి భర్త పోయాడు. అప్పట్నించీ చిట్టి (ఇంటిల్లిపాదీ ఆమెని పిలిచేది అలాగే) నవ్వడం మానేసింది. అడిగితే ఒక మాట, లేకపోతే అదీ లేదు. పోయిన వారం మాత్రం గోడకేసి చూస్తూ, "ఎక్కడైనా బాగా ఎత్తు మీంచి కిందికి చూడాలనుందక్కా" అంది. అక్క గుండె గుభేలుమంది. అయినా, ఇన్నాళ్లకి నోరు తెరిచి ఏదో ఒకటి అడిగింది కదా, కాదంటే మళ్లీ అడుగుతుందో లేదో అనుకుంది. తను పక్కనే ఉంటుంది. చెయ్యి వదలదు. అంతే! పదిమంది చెమటలు ఇంకిన టూరిస్టు బస్సు వద్దని, ప్రత్యేకంగా ప్రైవేట్ టూర్ మాట్లాడింది. ఒకే కారు, ఒకే గైడు, వాళ్లిద్దరే.

ఫోన్‌లో గైడు వింత ప్రశ్న ఒకటి అడిగాడు. "మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా మేడమ్?"

"అదెందుకండీ?"

"ఎత్తైన చోటు కదా మేడమ్. మనసు బాగాలేని వాళ్లుంటే ముందే చెబితే, నేను దగ్గరుండి చూసుకుంటాను."

ఎంత మంచివాడో అనుకుని అక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. తన చెల్లెల్ని తన నోటితోనే అప్పగించింది, పిచ్చిది!

కారెక్కిన క్షణం నుంచీ ఆమె కుదురుగా కూర్చోలేకపోతోంది. దానికి ఘాట్ రోడ్డు మలుపుల్ని అని లాభం లేదు. సీటుకి తల ఆనించే చోట తెల్లగుడ్డ తొడుగు ఉంది... ఎన్ని తలల జిడ్డు తాగిందో, నడిమధ్య ముదురు పసుపు మచ్చ అట్టకట్టి మెరుస్తోంది. అందులో అతుక్కుపోయి వెంట్రుకలు! పొడుగువి, పొట్టివి, నెరిసినవి, రంగేసినవి... వాటిలోంచి మాగిన నూనె కంపు! అక్క మెడ నిక్కించి, వీపు సీటుకి తగలకుండా కూర్చుంది.

కారు నడుపుతున్న గైడు చూడబోతే నలభై దాటినట్టున్నాడు. మాటకి ముందొక మేడమ్, వెనకొక మేడమ్. నవ్వితే చిగుళ్లు మాత్రం తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. కుడిచేతి చిటికెన వేలికి అంగుళం పొడుగు గోరు, గోటి కింద పచ్చటి మురికి. మలుపు మలుపుకీ ఆ గోరు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. "ఎడమ పక్క చూడండి మేడమ్, జలపాతం. వానల్లో వచ్చుంటే రెండు కళ్లూ చాలవు" అంటూనే చీకుతున్నాడు.

చిట్టి నీళ్లు తాగి సీసా పక్కన పెట్టబోయింది. "ఇలా ఇచ్చెయ్యండమ్మా, కొండ మీద చెత్త వెయ్యకూడదు" అని గైడు వెనక్కి చెయ్యి చాచాడు. ఆమె ముక్కు తుడుచుకున్న టిష్యూ కాగితాన్నీ అలాగే అడిగి పుచ్చుకున్నాడు. పరవాలేదే, కాస్త శుభ్రం తెలిసిన మనిషే అని అక్క మెచ్చుకోబోయింది... అంతలో అద్దంలో కనిపించింది! గైడు తల వంచి, చిట్టి తాగిన సీసా మూతిని నాలుకతో చుట్టూ తడిమి... చప్పరించాడు!

అక్క కళ్లు నులుముకుంది. కళ్లు మోసం చేసుంటాయి, ఎండ ఎక్కువగా ఉంది మరి అని సర్దిచెప్పుకుంది.

కొండకొమ్మున కారు ఆగింది. పిట్ట మనిషి లేడు.

"ఎవరూ లేరేంటి?"

"ప్రైవేట్ టూర్ కదా మేడమ్!" అని చిగుళ్లు బయటపెట్టాడు గైడు.

ఇనుప కంచెకి అవతల, ఆ పర్వతం నోరు తెరిచి వెళ్లబెట్టిన నాలుకలా ఓ నల్లటి బండ శూన్యంలోకి సాగి ఉంది. దాని కింద... అగాధం! చూపు జారి పడిపోయేంత లోతు! అడుగున తెల్లటి పొగమంచు సుడులు తిరుగుతోంది... మండుటెండలో కూడా కరగని పొగమంచు! మబ్బుతునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము ఉరిమింది. మోడువారిన చెట్టు మీద, పట్టపగలు, రెండు కళ్లూ ఇంతింత చేసుకుని ఓ గుడ్లగూబ వాళ్లనే చూస్తోంది!

గైడు ఫ్లాస్కులోంచి ఏదో కప్పులో వంచి, "నిమ్మరసం. ఎండ కదమ్మా" అని చిట్టికి ఇచ్చాడు. అక్క వద్దనేలోపే ఆమె గటగటా తాగేసింది. ఎండకి చిట్టి మొహం కందిపోయింది. గొడుగేమో డిక్కీలో పెట్టిన సంచీలో ఉండిపోయింది. రెండే రెండు నిమిషాలు కదా అని... అక్క చెల్లెలి చెయ్యి వదిలింది.

డిక్కీ తెరిచి సంచీ లాగేసరికి, దాని వెనక కప్పి ఉన్న గోనెగుడ్డ కూడా ఊడి వచ్చింది. కింద వరసలు వరసలుగా ప్లాస్టిక్ డబ్బాలు... డబ్బా డబ్బాకీ చీటీ! అచ్చం తన ల్యాబ్‌లో లాగే! "ఆడ, ముప్ఫై రెండు, బిడ్డ పోయింది." "మగ, అరవై, భార్య పోయింది." ప్రతి చీటీ మీదా ఒక తేదీ. ప్రతి తేదీ ఒక అమావాస్య!

డబ్బాల్లో దువ్వెనలకి చిక్కిన వెంట్రుకల ఉండలున్నాయి. కొరికి ఉమ్మిన గోళ్లు, పంటిగాట్లున్న చూయింగ్ గమ్ములు, చీము అంటిన బ్యాండేజీ ముక్కలు, చీమిడి కాగితాలు... అన్నీ కలిసి ఊరి, నీరు కారి, బంక బంకగా పులిసిపోయాయి! ఆ బంకలో వెంట్రుకలు వానపాముల్లా మెల్లగా... కదులుతున్నాయి!

చిట్టచివరి డబ్బా మీద సిరా ఇంకా ఆరలేదు. "ఆడ, ముప్ఫై, భర్త పోయాడు." ఇవాళ్టి తేదీ.

ఇరవై రెండేళ్లుగా ఏ రోతకీ చలించని ఆ మనిషి, కారు చక్రం పక్కన కూలబడి పేగులు బయటికొచ్చేలా కక్కింది. మరుక్షణం లేచి "చిట్టీ!" అంటూ పరుగందుకుంది.

కంచె అవతల దృశ్యం చూసి ఆమె రక్తం గడ్డకట్టింది!

నాలుకబండ అంచున చిట్టి నిలబడి ఉంది... జుట్టు విరబోసుకుని, తల ఒక పక్కకి వాల్చి, కనుగుడ్లు పైకి తేలేసి! పెదాల సందుల్లోంచి నల్లగా ఏదో వేలాడుతోంది. వెంట్రుకలు! ఆమె గొంతులోంచి మూరలకి మూరలు బయటికొస్తున్న పరాయి వెంట్రుకలు! ఆమె నోటితో ఒక్కసారే పదిమంది ఏడుస్తున్నారు... ముసలి గొంతులు, పడుచు గొంతులు, మగ గొంతులు! పక్కన చొక్కా విప్పిన గైడు ఎడమ చేతిలో... కపాలం! మనిషి పుర్రె! అందులో ఆ నిమ్మరసమే నురగలు కక్కుతోంది. పొడుగాటి గోరు అందులో ముంచి, చిట్టి నుదుటి మీద బొట్లు బొట్లుగా పులుముతూ "హ్రాం... హ్రీం... హ్రూం..." అని ఘోరంగా గర్జిస్తున్నాడు!

అక్క కంచె దూకింది. బండకి అడ్డంగా జిగట జిగటగా ఒక గీత గీసి ఉంది. ఉమ్మి, చీమిడి, కుళ్లిన వెంట్రుకలు... దాని ముందు ఆమె కాళ్లు పాతేసినట్టు ఆగిపోయాయి.

"దాటలేరు మేడమ్!" వికటంగా నవ్వాడు గైడు. "రోత పుట్టిన కాలు ఈ గీత దాటదు. మీలాంటి శుభ్రమైన వాళ్లయితే అసలు దాటలేరు!"

"దాన్ని వదిలెయ్యరా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"నేను పట్టుకుంటే కదా వదలడానికి! ఈ లోయ మర్యాద తెలిసింది మేడమ్. తోస్తే పుచ్చుకోదు. నోటితో ఒప్పుకున్న వాళ్లనే పుచ్చుకుంటుంది. నీడ మళ్లీ బయటికి వచ్చేలోగా, ఈ బండ మీద నిలబడి ఎవరో ఒకరు మాట ఇవ్వాలి. ఇస్తే నాకు ఇంకో నెల ఆయుష్షు. ఎన్నేళ్లనుకున్నారు నాకు? నూట పది!" అని చిట్టి చెవిలో నల్లటి చిగుళ్లు ఆనించాడు. "చెప్పమ్మా... ఎవరున్నారు నీకు ఇక్కడ? పోతున్నానని చెప్పు... ఒక్క మాట! పోతున్నా అను!"

పెళపెళమని ఆకాశం బద్దలైంది! గుడ్లగూబ ఘూంకరించింది! చిట్టి పెదాలు కదిలాయి. వాటి చుట్టూ వెంట్రుకలు పక్కకి తొలగి దారిచ్చాయి. అక్క ఊపిరి బిగబట్టింది. ఎనిమిది నెలలుగా తను భయపడుతున్న మాట ఇదే. ఇదే మాట!

"అక్కా..." అంది చిట్టి, తన సొంత గొంతుతో. "వెళ్లొస్తా."

శూన్యంలోకి అడుగు వేసేసింది!

"చిట్టీ...!!" అక్క కేకకి కొండలు కంపించాయి. గైడు మాత్రం గెలిచినట్టు నవ్వలేదు. వాడి మొహం పాలిపోయింది. "కాదు! అలా కాదు! పోతున్నా అనాలి!" అని గావుకేక పెట్టాడు.

ఏ అమ్మ కన్నబిడ్డయినా గడప దాటేటప్పుడు పోతున్నా అంటుందా? అంటే నెత్తిన మొట్టికాయ పడదూ! పీకలోకి దయ్యాలు దిగినా, మతి పోయినా, పసితనాన అమ్మ మొట్టి మరీ నేర్పిన మాటే ఆ నాలుక మీదకి వచ్చింది. వెళ్తా, మళ్లీ వస్తా!

మాటంటే మాటే. లోయ అడుగున పొగమంచు గిర్రున తిరిగింది. ఏదో మహోదరం మెలిపడి, డోకి, వెనక్కి తన్నిన శబ్దం... లోయ కక్కేసింది! జిగురులో తడిసి ముద్దయిన చిట్టి ఎగిరొచ్చి అక్క కాళ్ల దగ్గర, గీతకి ఇవతల, దబ్బున పడింది. దగ్గింది. ఆమె నోట్లోంచి చేటెడు వెంట్రుకల ఉండ ఊడిపడింది. అక్క ఆ జిగురునీ, ఆ కంపునీ, అన్నింటినీ కలిపి చెల్లెల్ని గుండెలకి హత్తుకుంది.

బండ మీద గైడు కాళ్ల పక్కన సన్నటి నల్లగీత... నీడ! వేలెడంత నీడ తొంగిచూస్తోంది! ఆకలిగొన్న లోయ బుసకొట్టింది.

"నువ్వు చెప్పు! నువ్వన్నా చెప్పు!" పిచ్చెత్తినవాడిలా అక్క మీద అరిచాడు గైడు. "లేకపోతే ఇద్దర్నీ పురుగులు పట్టిస్తా! చెప్పవే, ఒక్క మాట!"

ఒక్క మాట... అక్క వాడికేసి చూడలేదు. లోయకేసి తిరిగింది. హోటల్లో సర్వర్‌ని కేకేసినట్టు, గుండెల నిండా గాలి పీల్చి దర్జాగా కేకేసింది.

"ఏమయ్యా గైడూ! ఇలా రావయ్యా!"

ఆ కేక వెళ్లి ఎదురు కొండకి తగిలింది. తిరిగి లోయలోంచి, గైడు వెనక నుంచి, గంభీరంగా పైకి లేచింది. "గైడూ... రావయ్యా... రావయ్యా..."

వందేళ్లుగా యాత్రికుల వెంట తిరిగిన నోరది. పిలుపు వినపడితే ఆ నోటికి తెలిసిన జవాబు ఒక్కటే. గైడు చటుక్కున లోయకేసి తిరిగాడు.

"ఆఁ... వస్తున్నా మేడమ్!"

గాలి ఆగిపోయింది.

అన్నాక తెలిసింది వాడికి, ఏమన్నాడో. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కపాలం జారి ముక్కలైంది. "లేదు... లేదు! నేననలేదు! అలవాటు కొద్దీ..."

ఫటేలుమని డిక్కీ పేలింది! డబ్బాల్లోంచి బంక బంకగా, నల్లగా, వెంట్రుకల ఏరు పొంగి, అక్కాచెల్లెళ్లని వేలితోనైనా తాకకుండా పక్కనుంచి ప్రవహించి, గైడు కాళ్లకి చుట్టుకుంది. ఎందరివో వెంట్రుకలు వాడి ముక్కుల్లోకి, చెవుల్లోకి, నల్లటి చిగుళ్ల మధ్యకి దూరాయి! దొంగిలించి దాచుకున్న ఆయుష్షంతా ఒక్క క్షణంలో కుళ్లింది. చర్మం తడిసిన కాగితంలా జారింది, పళ్లు రాలాయి, ఆ పొడుగాటి గోరు దానంతటదే ఊడి కిందపడింది. "మేడమ్! మేడమ్!" అని కీచుమంటూనే వాడు అంచు మీంచి లోపలికి జారిపోయాడు. గుటుక్కుమని చప్పుడైంది. అక్కకి అన్నింటికన్నా ఆ చప్పుడే అసహ్యమనిపించింది.

ఈసారి లోయ కక్కలేదు.

కొండ దిగేటప్పుడు అక్కే కారు నడిపింది, సీటు తొడుగులన్నీ పీకి లోయలో పారేసి, అద్దాలన్నీ దించి. నాలుగో మలుపు దగ్గర చిట్టి మెల్లగా అంది. "నేను నిజంగా పోదామనే అనుకున్నానక్కా. ఎంత ప్రయత్నించినా నోటికి రాలేదు."

"నోర్ముయ్" అంది అక్క. కళ్లనీళ్లకి రోడ్డు మసకబారుతోంది.

అడుగున గేటు దగ్గర టికెట్లు చూసే ముసలాయన కారు ఆపి, లోపలికి తొంగిచూసి, ముక్కు మూసుకున్నాడు. "ఇదేం కంపమ్మా! గైడేడీ?"

"పోయాడు" అంది అక్క.

"పోయాడా? మళ్లీ ఎప్పుడొస్తాడు?"

అక్క జవాబు చెప్పేలోపే చిట్టి కిటికీలోంచి తల బయటపెట్టింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆమె పెదవి ఒక పక్కకి వంగింది.

"వెళ్లొస్తానని చెప్పలేదండీ" అంది.