నాంపల్లి గోడలో పైపు

పక్కింటి శేషారత్నం అన్నదట: "విజయేందర్ గారి ఉద్యోగం ఊడినట్టుందండీ, పాపం. ఈ వయసులో నెత్తిన హెల్మెట్ పెట్టుకుని కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి పోతున్నారు!" ఆ మాటను భార్య అనసూయ పొద్దున చాయ్‌తో పాటే మోసుకొచ్చింది. విజయేందర్ చాయ్ తాగాడు, మాట మింగాడు. సీక్రెట్ ఏజెంట్ బతుకింతే. పరువు పోయినా పెదవి విప్పకూడదు.

ఈ అసైన్‌మెంట్ ఆరు నెలల కింద అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య అంటుకుంది.

"అట్లాసు ఉందా?"

"ఉంది. సరిహద్దులు చినిగినయి."

కోడ్ కలిసింది. పుస్తకాలమ్మే వేషంలో ఉన్న చీఫ్ రామచందర్ గొంతు తగ్గించాడు. "నాంపల్లిల అండర్‌గ్రౌండ్ కంట్రోల్ రూమ్ కడుతున్నరు. ఫారిన్ ముఠా దాని గోడల చెవి పెట్టాలని చూస్తున్నది. నువ్వు బిమ్ ట్రైనర్‌వి."

"రిటైర్మెంట్ దగ్గరపడ్డది సార్."

"గందుకే ఎవ్వలు అనుమానించరు."

బిమ్ అంటే, కట్టబోయే భవనాన్ని పైపులు, తీగలతో సహా ముందే కంప్యూటర్లో కట్టి చూసుకోవడం. ఆ మోడల్ చూసే గోడ లేపాలని విజయేందర్ సైటు వాళ్ళకు గొంతెండేలా చెప్పాడు. అర్థమైందా అంటే అందరూ ఒక్కటే మాట, "ఔ సార్!" సైట్ ఇంజనీర్ రాజనర్సు అయితే ముందు బెంచీలో కూర్చుని మరీ తలూపేవాడు.

మోడల్ బాధ్యత నర్మదది. నల్లకళ్ళద్దాలు, దూరం నుంచే తెలిసే సెంటు. మన డిపార్ట్‌మెంటు మనిషేనని ఫైలు చెప్పింది. ఆమె జీతం రెండు దేశాల నుంచి వస్తోందని మాత్రం చెప్పలేదు.

ఇవాళ పాత మోడల్, కొత్త మోడల్ పక్కపక్కన పెట్టి చూస్తే విజయేందర్‌కు తేడా దొరికింది. కంట్రోల్ రూమ్ గోడలో ఎవరూ అడగని ఖాళీ పైపు ఒకటి, నేరుగా పక్క లాడ్జి వైపు! మైకు తీగ దూర్చడానికే. ఆ గోడకు కాంక్రీటు పోసేది ఇవాళే.

ఆటో దిగి మోకాళ్ళ నొప్పితోనే పరుగెత్తాడు. "ఆపుండ్రి!"

పంపు ఆగింది. పక్కనే నిలబడ్డ నర్మద హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. విజయేందర్ హెల్మెట్ బటన్ నొక్కాడు. కూలీల వేషంలో ఉన్న కమాండోలు ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నారు.

ఆమె నవ్వింది. "లేటయింది. పైపు కాంక్రీటులో మునిగింది. వచ్చే నెల ఓపెనింగ్ పెట్టుకుని ఏ గోడ పగలగొడతారు?"

మేస్త్రీ వేషంలో ఉన్న చీఫ్ తల పట్టుకున్నాడు. విజయేందర్ ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. ఇన్ని వేషాలూ, పడ్డ మాటలూ బూడిదలో పోసిన పన్నీరేనా?

రాజనర్సు జర్దా పాన్ ఉమ్మి దగ్గరికొచ్చాడు. "ఏ పైపు సార్?"

"మోడల్‌ల ఉన్న పైపయ్యా!"

"మోడల్ ఎవరు సూసిన్రు సార్? పెద్దసార్లు వస్తే సూపెట్టనీకి అది ఆఫీసు టీవీల తిరుగుతుంటది. మేం పాత కాయిదం నక్షా వట్టుకొనే కట్టినం."