పట్టుబడి కాని చెరువు

కనకాలపేట వెళ్లే రోడ్డులో, యానాం ఊరు పొలాల్లోకి పాకుతున్న చోట, గ్యాస్ కంపెనీ వాళ్ల కొత్త ఆఫీసు తయారైంది. మూడంతస్తులు. ముందంతా నీలం గాజు. సాయంత్రపు ఎండ దాని మీద పడితే అటు వెళ్లే ఆటోవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. తెల్లారితే ప్రారంభం. హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. కింద హాల్లోనే పూజ, అక్కడే భోజనాలు.

సైట్ ఇంజినీరు బెన్నీ పొద్దుటి నుంచి ఒకచోట నిలబడలేదు. ఫరంపేట కుర్రాడు. చదువవగానే కాంట్రాక్టు మీద ఇక్కడ చేరాడు. లెక్కల్లో మహా చురుకు. పక్కవాడు ఫోనులో కాలిక్యులేటరు తెరిచేలోపు జవాబు చెప్పేసేవాడు. ప్రారంభం ఏ మచ్చా లేకుండా జరిగితే పర్మనెంటు ఆర్డరు అందరి ముందూ చేతికిస్తానని ప్రాజెక్టు మేనేజరు ఉమామహేశ్వరం గారు మాటిచ్చారు. వాళ్లమ్మ రత్నకుమారి ఆగలేక, ఆ ఉద్యోగం వచ్చేసినట్టే చర్చిలో అందరి ముందూ లేచి, దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యం కూడా చెప్పేసింది.

అంతా బాగానే ఉంది, వాసన తప్ప.

"బాబూ, మీ ఆఫీసుకి పడిశం పట్టిందండి. తుడిచేకొద్దీ చీమిడి కారతంది" అంది నేల తుడిచే సీతామహాలక్ష్మి, మాపు కర్ర పైకెత్తి చూపిస్తూ. దాని చివరి నుంచి బూడిదరంగు జిగురు తెగకుండా సాగి, నేల దాకా వేలాడింది.

"ఫినాయిలు వెయ్యి పిన్నీ."

"ఏశానండి. తాగేసింది."

నవ్వుతూనే అంది. కానీ కొంగు మాత్రం ముక్కు మీంచి తియ్యలేదు.

రెండు టైల్సు కలిసే సందుల్లోంచి ఆ జిగురు ఊరుతోంది. చూపుడువేలితో తాకితే చల్లగా, గుడ్డు సొనలా అంటుకుంటోంది. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా వేలి నుంచి ఆ నీచు పోలేదు. బెన్నీ మధ్యాహ్నం అన్నం క్యారేజీ మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"మల్లెపూల స్ప్రే కొట్టించవోయ్. రేపు భోజనాలయ్యేదాకా ఆగితే చాలు" అన్నారు ఉమామహేశ్వరం గారు, కారెక్కుతూ.

"సార్, అది కింద నుంచి వస్తోందండి."

"కింద ఏముంది? నువ్వు తోలించిన మెరకేగా!"

బెన్నీ కారు తలుపు వేసి వెనక్కి తిరిగాడు.

నిజమే. ఆ మెరక అతని తెలివే. ఈ స్థలం ఒకప్పుడు రొయ్యల చెరువు. తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యలు గట్ల వెంట తేలుతున్న రోజుల్లో అగ్రహారం రైతు దీన్ని కంపెనీకి అమ్మేశాడు. అలాంటి చెరువును ముందు బ్లీచింగుతో శుద్ధి చేసి, నీళ్లు తోడి, ఎండగట్టి, అడుగున ఉన్న నల్లబురద ఎత్తిపోయాలి. ఆ తరవాతే మట్టి తోలాలి. ఎండాకాలమంతా దానికే సరిపోతుంది. బెన్నీ గట్టు మీద నిలబడి నోటితోనే లెక్క కట్టాడు. నీళ్లుండగానే ఇసుక దింపేస్తే ఆ బరువుకి నీళ్లు వాటంతటవే పక్క కాలవలోకి పొర్లిపోతాయి. అలాగే చేశారు. బతికినవీ చచ్చినవీ, బురదతో సహా కిందే ఉండిపోయాయి. టిప్పర్లు దిమ్మరిస్తుంటే ఇసుక అంచున రొయ్యలు వాన చినుకుల్లా చిటపట ఎగిరాయి. సార్ అతని భుజం తట్టారు.

చెరువుల మీద బతికేవాళ్లకి ఒక పద్ధతుంది. పంట నిలిచినా పోయినా, ఆఖరున పేరుకైనా ఒకసారి వల లాగాలి. వచ్చిందాంట్లో గుప్పెడు వండి, కాపలా మనిషికి ముందు పెట్టాలి. అదే పట్టుబడి. అదయ్యాకే అతను గుడిసె విప్పుకుని ఇంటికి పోతాడు. అది కానంతవరకూ చెరువుకి మేత వెయ్యడం అతని పూచీ.

ఈ చెరువుకి కాపలా ఇస్సాకు. బెన్నీ వాళ్ల చర్చిలోనే ఆఖరి వరసలో కూర్చునే ముసలాయన. టిప్పర్లు వచ్చిన రోజున చేతులు నలుపుకుంటూ దగ్గరికొచ్చాడు. "బాబూ, ఒక్కసారి వలేసి తీసేత్తాను. నాకు సెలవిచ్చినట్టుంటాది" అన్నాడు.

"టైం లేదు తాతా" అన్నాడు బెన్నీ.

ఆ ఏడాది ఈస్టరుకి ముందే ఇస్సాకు జ్వరమొచ్చి పోయాడు. సమాధి దాకా బెన్నీ కూడా వెళ్లి, పిడికెడు మట్టి వేసి వచ్చాడు.

పొద్దువాలే వేళకి వాన పట్టుకుంది. పనివాళ్లు వెళ్లిపోయారు. సీతామహాలక్ష్మి కూడా గొడుగు వేసుకుని, "ఇంకుండలేనండి బాబూ" అని గేటు దాటింది. బెన్నీ హాల్లో స్ప్రే కొడుతుంటే కరెంటు పోయింది. జనరేటరు ఒకసారి దగ్గి ఊరుకుంది.

నీలం గాజు అవతల ఆకాశం మసిగుడ్డలా ఉంది. హాల్లో బల్లలు, కుర్చీలు రేపటి భోజనాలకి వరసలు తీరి ఉన్నాయి. మల్లెపూలూ కుళ్లిన రొయ్యా కలిసిన ఆ గాలి పీలుస్తుంటే, పెళ్లివారి ఎంగిలాకుల కుప్పలో తల దూర్చినట్టుంది. బెన్నీకి డోకొచ్చింది. మూలనున్న సింకు దగ్గరికి పరిగెత్తి కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు. ముందు గురగుర. తరవాత చిక్కగా, వెచ్చగా ఏదో అరచేతిలో పడింది. ఫోను వెలుగు వేసి చూశాడు. నల్లటి బురద. అందులో సన్నటి ఎర్రటి రొయ్య మీసాలు. చెయ్యి విదిలించాడు. ఒక మీసం మాత్రం ఊడలేదు. వేలికి చుట్టుకుని... మెల్లగా బిగుసుకుంటోంది.

కక్కాడు. నోరు తుడుచుకుంటుండగా ఆ చప్పుడు వినిపించింది.

చిలుకుతున్న చప్పుడు. చెరువుల్లో రొయ్యలకి గాలి అందేలా ఏరేటరు చక్రాలు రాత్రీ పగలూ నీళ్లను కొడుతుంటాయే, అది. ఈ పక్కన పుట్టి పెరిగినవాడికి అది జోలపాట. కానీ ఇక్కడ చుట్టుపక్కల చెరువు లేదు. చప్పుడు... అతని కాళ్ల కింద నుంచి వస్తోంది.

తరవాత ఇంకో చప్పుడు. గింజలు చల్లుతున్నట్టు. సర్... సర్...

బల్లల మధ్య ఒక మనిషి కదులుతున్నాడు.

నడవడం లేదు. నడుము దాకా నేలలో ఉన్నాడు. టైల్సు పగల్లేదు, చెదరలేదు. అతను ముందుకొస్తుంటే పక్కకి తొలిగి, వెనక మళ్లీ కలుసుకుంటున్నాయి. ముందు చిన్న థర్మాకోలు తెప్ప. దాని మీద మేత బస్తా. పిడికిలితో తీసి ఎడమకీ కుడికీ చల్లుతున్నాడు.

బెన్నీ ఫోను వెలుగు అటు తిప్పాడు.

"ఎవరూ... బెన్నీ బాబేనా?"

మొహం నాని ఉబ్బిపోయింది. బుగ్గ మీద చర్మం తడికాగితంలా జారి, గడ్డం కింద మడత పడింది. ముక్కుపుటంలోంచి ఒక మీసం బయటికొచ్చి, గాలి వాసన చూసి, లోపలికి పోయింది.

"తాతా..."

"మెల్లిగా మాటాడు బాబూ. బెదిరిపోతాయి. బెదిరితే మేత ముట్టవు."

"నువ్వు... నువ్వు పోయావు కదా తాతా."

"పోతే? పట్టుబడి అవలేదుగా." ముసలాయన గొంతులో కోపం లేదు, అలసటే. "ఆకలితో వదిలేసి ఎలా ఎల్లను?"

అయినా బెన్నీ బుర్ర లెక్క మానలేదు. రేపు. ఈ వాసన, ఈ జిగురు, ఈ మనిషి. హైదరాబాదు వాళ్లు. ఆర్డరు. అమ్మ చెప్పేసిన సాక్ష్యం... సెలవిస్తే పోతాడు. ఇచ్చేస్తే సరి.

"రేపే పట్టుబడి తాతా" అన్నాడు గబగబా. "రేపటితో నీ పనైపోయినట్టే. ఇవాళ్టికి వెళ్లు."

ఇస్సాకు చెయ్యి బస్తాలో ఆగిపోయింది. "నిజంగానా బాబూ?"

"ఒట్టు."

"మరి సరుకేదీ? కిందున్నయ్యన్నీ ఉత్త గుల్లలే."

"వస్తుంది. పెద్ద సరుకు. ఇక్కడికే... ఈ హాల్లోకే వస్తుంది."

నోట్లోంచి వచ్చేసింది. ముసలాయన తల మెల్లగా తిప్పి హాలంతా చూశాడు. బల్లలు చూశాడు. ఒక్కో కుర్చీనీ వేలితో చూపిస్తూ పెదాలు కదిపాడు. ఆ నానిన మొహం సంతోషంతో విచ్చుకుంది.

"అయితే బాగా మేపాల" అన్నాడు. తెప్పతో సహా నేలలోకి దిగిపోయాడు.

మర్నాడు వాసన లేదు. టైల్సు ఆరిపోయి అద్దంలా మెరుస్తున్నాయి. "చూశావా? మల్లెపూల స్ప్రేనా మజాకానా!" అన్నారు ఉమామహేశ్వరం గారు. పూజ అయింది. రిబ్బను తెగింది. అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. బెన్నీ వరస చివర్న కూర్చుని, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. పులిహోర, బూరెలు, నెయ్యి తేలుతున్న పరమాన్నం.

సర్... సర్...

బల్లల మధ్య ఇస్సాకు. పట్టపగలు. వడ్డించేవాళ్లు అతనిలోంచే నడిచి వెళ్తున్నారు. ఒక్కో ఆకు దగ్గరా ఆగి, పిడికెడు గోధుమరంగు గింజలు చల్లి, వాళ్ల మొహాల్లోకి ప్రేమగా చూస్తున్నాడు. పరమాన్నంలో పడిన గింజలు ఉబ్బి, పగిలి, నల్లగా కారుతున్నాయి. ఎవరూ చూడటం లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన కళ్లు మూసుకుని నములుతున్నాడు. ఆయన పెదవి చివర ఏదో సన్నగా వేలాడి ఆడింది. నాలుకతో లోపలికి లాగేసుకున్నాడు.

"ఇంకొంచెం వెయ్యవయ్యా" అంటున్నారు అందరూ. "ఇంకొంచెం."

లేచి అరవాలి. తినకండి అని అరవాలి. బెన్నీ సగం లేచాడు కూడా.

"ఏంటోయ్, వడ్డించింది వదిలేసి లేస్తావా? పెద్దవాళ్లు చూస్తున్నారు." ఉమామహేశ్వరం గారు వేళ్లు నాకుతూ, ఎడమచేత్తో జేబులోంచి తెల్ల కవరు తీసి అతని ఆకు పక్కన పెట్టారు. "తిను. తిని తీసుకో."

కవరు మీద అతని పూర్తి పేరు. బెన్నీ కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. వేళ్ల కింద మెత్తగా ఏదో మెదిలింది. నోట్లో పెట్టుకున్నాడు.

తియ్యటి బురద. కుళ్లు. పళ్ల మధ్య పలచటి గుల్లేదో పటుక్కుమంది. కళ్ల నుంచి నీళ్లు కారుతుండగా మింగాడు. రెండో ముద్ద అంత కష్టం కాలేదు. మూడో ముద్దకి... ఆకలేసింది. ఎన్నడూ ఎరగని ఆకలి. ఆకు నాకి తలెత్తేసరికి ఇస్సాకు పక్కనే ఉన్నాడు. చల్లటి బొటనవేలూ చూపుడువేలూ బెన్నీ జబ్బని పట్టి, నొక్కి చూశాయి.

"ఇంకా సైజు రాలేదు బాబూ" అని చెవిలో గుసగుసలాడాడు. "తొందరేం లేదు. రొయ్యలాగే, గుల్ల ఇడిచినప్పుడల్లా పెరుగుతావు. ఇంకో నెల మేపుతాను."

సోమవారం పొద్దున్న రత్నకుమారి హడావిడిగా ఉంది. కొడుకు పర్మనెంటు ఉద్యోగానికి మొదటి రోజు. ఇస్త్రీ చొక్కా కుర్చీకి తగిలించింది. స్నానాల గదిలోంచి బెన్నీ పిలుస్తున్నాడు.

"అమ్మా, ఆ మెత్తటి తువ్వాలు ఇలా ఇవ్వు. ఏది తగిలినా ఒళ్లు మండిపోతోంది."

"వత్తన్నానురా" అంటూ ఆవిడ అతని పక్క సర్దడానికి దుప్పటి లాగింది. దాని కింద ఏదో పలచగా మెరిసింది. ప్లాస్టిక్ సంచి అనుకుని తీసి, కిటికీ వెలుగులో పట్టుకుంది.

మోచేతి నుంచి కిందికి, ఒక చెయ్యి. లోపల ఏమీ లేదు. అవతలి వెలుగు కనిపించేంత సన్నటి చర్మం. అరచేతి గీతలు, అయిదు వేళ్లు, గోళ్లతో సహా.

ఇంకా తడిగానే ఉంది.