మూత వేసేముందు

మా ఇంట్లో మెట్ల కింద ఒక గది ఉంది. కిటికీ లేదు. ఇల్లు కట్టినవాడు దాన్ని సామాన్ల కోసమని కట్టాడు, నేను నా పిచ్చి కోసం తీసుకున్నాను. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, మళ్ళీ ఇత్తడి అరగదీయడానికి ఆ గదిలో దూరతాను. కొన్నేళ్ళుగా అక్కడ ఒక బుల్లి ఆవిరి యంత్రం తయారవుతోంది. రాగి బాయిలర్ పాలక్యానంత ఉంటుంది. దాని పక్కన వేలెడంత సిలిండర్, అరచెయ్యి వెడల్పు చక్రం. మొత్తం కలిపి ఒక పీట మీద పడుతుంది.

"ఈ ఇంట్లో నాకు సవతి అంటూ ఉంటే అది ఆ రాగి కుండే" అంటుంది మా ఆవిడ. అంటూనే తన కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి నా చేతిలో పెడుతుంది. కాబట్టి ఆ కోపం ఉత్తుత్తిదేనని నా నమ్మకం.

మామయ్య, అంటే ఆవిడ నాన్న, మాతోనే ఉంటారు. ఉద్యోగమంతా మిల్లుల్లో పెద్ద బాయిలర్ల దగ్గరే చేశారు. ఆ మోతకి చెవులు సగం పోయాయి. కానీ ఏ యంత్రం మీదైనా అరచెయ్యి ఆన్చి, లోపల ఏం జరుగుతోందో చెప్పేస్తారు. మా ఫ్రిజ్ మూలపడబోతోందని ముందే చెప్పారు. నేను పాలు విరిగాక నమ్మాను.

బాయిలర్‌కి మూతగా చివరి బిళ్ళ అతికించే రోజు ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"తట్టావా అల్లుడూ?"

"ఏం తట్టాలి మామయ్యా?"

అప్పుడు చెప్పారు. పెద్ద బాయిలర్‌లోకి మనిషి దూరి, గోడలకి పట్టిన సున్నం గీకుతాడట. పని అయ్యాక మూత బిగించేముందు బయటివాడు సుత్తితో మూడుసార్లు తట్టి, చెయ్యి ఆన్చి చూడాలి. లోపల ఎవరైనా ఉండిపోతే తిరిగి తడతారు. అందరూ కళ్ళముందే ఉన్నా సరే, తట్టకుండా మూత వెయ్యకూడదు.

"అందరూ కళ్ళముందే ఉంటే ఇక తట్టడం దేనికి?" అన్నాను.

"ఒక్కోసారి అప్పుడు కూడా తిరిగి తట్టేది" అన్నారు. "అలా తడితే మూత వేసేవాళ్ళం కాదు. తలుపులన్నీ బార్లా తీసి, బయటికెళ్ళి నించునేవాళ్ళం. అది వెళ్ళిపోయేదాకా."

"ఇందులో ఎలుకపిల్ల పట్టడమే గగనం" అని నవ్వి టంకం వేసేశాను. ఆయన నవ్వలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి లేచి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మొదటిసారి నిప్పు పెట్టాను. చిన్న గాలికే బాయిలర్ కింది స్పిరిట్ దీపం రెపరెపలాడి ఆరిపోతోంది. అందుకని ఇనుప తలుపు మూసి, లోపలి గడియ పెట్టి, కింద సందులో పాత దుప్పటి కుక్కాను. ఇక గాలి రాదు. చప్పుడు పోదు. నా ఇంజనూ నేనూ మిగిలాం.

నీలం మంట నిలబడింది. వేడెక్కుతున్న నూనె వాసన మెల్లగా గదంతా పరుచుకుంది. నీళ్ళు ముందు సన్నగా ఈలేశాయి, తర్వాత గొణిగాయి, తర్వాత ఒకే తీరున మరగసాగాయి. ఒత్తిడి చూపే గేజి ముల్లు కదిలింది. వేలితో చక్రాన్ని ఒక్క తోపు తోశాను. తడబడింది, ఆగబోయింది... తిరిగింది. పిస్టన్ లోపలికీ బయటికీ చకచకా ఆడుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత వయసొచ్చినవాణ్ణి, ఒక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టాను.

టక్. టక్. టక్.

చప్పుడు బాయిలర్‌లోంచి వచ్చింది.

వేడికి రాగి సాగుతోంది, అంతే అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక దీపం ఆర్పేశాను. చక్రం ఆగలేదు. చూస్తుండగానే ఇంకా జోరందుకుంది. నిప్పు లేదు, ముల్లు పైకి పోతోంది. ఒత్తిడి ఎక్కువైతే తనంతట తానే తెరుచుకోవాల్సిన వాల్వు ఒకటుంది. నా చేతులతో చేసి, నీళ్ళతో పరీక్షించి బిగించిందే. అది తెరుచుకోలేదు. ముల్లు ఎర్రగీత దాటింది.

అది పేలితే రాగి ముక్కలన్నీ నా ఒంట్లోనే దిగుతాయి. తలుపు దగ్గరికి పరిగెత్తాను. గడియ కాలుతోంది. చొక్కా అంచు అడ్డం పెట్టి లాగాను. కదల్లేదు.

టక్... టక్... టక్...

ఈసారి నెమ్మదిగా. ఓపిగ్గా.

నాకు ఒకటే దారి కనబడింది. బాయిలర్ మీద పెట్టిన ఈల బిరడా తిప్పి ఆవిరి వదిలెయ్యాలి. చెయ్యి చాచి తిప్పేశాను.

ఈల మోగలేదు. పెద్ద నిట్టూర్పు ఒకటి వినిపించింది. అంత చిన్న బాయిలర్‌లోంచి అంత ఆవిరి ఎలా వచ్చిందో... వస్తూనే ఉంది. గది నిండింది. బల్బు పసుప్పచ్చ మరకలా మిగిలింది. ఆ ఆవిరి వేడినీళ్ళ వాసన వెయ్యలేదు. చెమట, తడి తుప్పు, చాలాకాలం మూసుకున్న నోరు... ఆ వాసన.

నా భుజాన్ని ఏదో రాసుకుంటూ పోయింది. తడిగా ఉంది. మనిషి ఎత్తు ఉంది.

కాళ్ళకి ఒక్క క్షణం చల్లగాలి తగిలింది. తర్వాత ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు.

తడుముకుంటూ తలుపు చేరాను. దుప్పటి పక్కకి పోయి ఉంది. లోపలి గడియ తీసి ఉంది. తలుపు మాత్రం రాదు. బయటి గడియ పడింది.

అరిచాను. మా ఆవిణ్ణి పిలిచాను. నా గొంతు నా నోటి దగ్గరే ఆగిపోతోంది. బల్ల మీది సుత్తి తెచ్చి తలుపు మీద కొట్టాను. చెయ్యి జివ్వుమంది గానీ చప్పుడు రాలేదు.

అవతల చెప్పుల అలికిడి. మామయ్య దగ్గు. ప్రాణం లేచొచ్చింది.

టక్ టక్ టక్. ఆయన తడుతున్నారు.

సుత్తితో తిరిగి తట్టాను. మళ్ళీ తట్టాను. చెవులు పోయినా పర్వాలేదు, ఆ అరచెయ్యి ఉందిగా. అది తలుపు మీద ఆనినట్టు నాకు తెలిసింది. నా రెండు చేతులూ సరిగ్గా అక్కడే పెట్టి గుద్దాను.

"లోపల ఏమీ లేదమ్మా" అన్నారు మామయ్య, మా ఆవిడతో. "గడియ అలాగే ఉండనీ."

చెప్పులు దూరమైపోయాయి. నేను ఏడ్చాను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

బల్బు ఇంకా వెలుగుతోంది గానీ ఏమీ కనిపించదు. గోడ పట్టుకుని నడిచాను, మూలకి చేరి కూర్చుందామని. గోడ వెచ్చగా ఉంది, చెమ్మగా ఉంది. మూల రాలేదు. నడుస్తూనే ఉన్నాను. ఎంత నడిచినా చేతికింద గోడ వంపు తిరుగుతూనే ఉంది... మూల లేదు. పైకి చెయ్యెత్తితే కప్పు తగిలింది. ఇదివరకు నాకెప్పుడూ అందని కప్పు.

ఊపిరి బరువైంది. మోకాళ్ళ మీద కూలబడ్డాను.

ఎంతసేపయిందో తెలియదు. గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది, ఆవిరి ఒక్కసారిగా బయటికి పోయింది, గది గదిలా మారిపోయింది. నాలుగు మూలలూ ఎక్కడివక్కడే. గుమ్మంలో మా ఆవిడ. లైటు ఆపడానికొచ్చింది కాబోలు, చెయ్యి స్విచ్చి మీద ఉంది.

నేను ఆమె కాళ్ళ దగ్గరికి పాకాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "మీరు... మళ్ళీ కిందికి ఎప్పుడొచ్చారు?" అంది మెల్లగా.

"మళ్ళీ ఏంటి?"

"ఇందాకే పైకొచ్చి పడుకున్నారుగా. ఒళ్ళంతా తడిసిపోయిందంటే తువ్వాలిచ్చాను. తల కూడా నేనే తుడిచాను."

"నేను బయటికి రాలేదు" అన్నాను. "ఒట్టు. నేను... ఇక్కడే ఉన్నాను."

పైన మంచం కిర్రుమంది. ఎవరో నింపాదిగా మెట్లు దిగడం మొదలుపెట్టారు. సగం దాకా వచ్చి ఆగారు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని అడిగింది నా గొంతు.

ఆమె తలెత్తి మెట్లవైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నా మొహమంతా వెతికింది, ఏదో దొరుకుతుందేమోనని.

"ఎవరూ లేరండీ" అంది పైకి చూసి. తలుపుని దగ్గరికి లాగి మూయడం మొదలుపెట్టింది.