కుండ తాగరాదు

సంపత్ పోయిన రోజు యమున ఎనిమిదో తరగతికి రక్తప్రసరణ చెబుతోంది. బోర్డు మీద గుండె బొమ్మ సగమే గీసింది. హెడ్‌మిస్ట్రెస్ అనసూర్య మేడం గుమ్మంలోకి వచ్చి, "యమునా, ఒకసారి రా బిడ్డా" అంది. మేడం ఆమెను అంతకుముందెప్పుడూ బిడ్డా అని పిలవలేదు. యమున సుద్దముక్క కింద పెట్టి, వెంట నడిచింది.

తమ్ముడు సంపత్‌కు పదిహేడేళ్లు. స్నేహితుడి బండి వెనకాల కూర్చున్నాడు. బండి నడిపినవాడికి మలుపు కనిపించలేదు. కాగితాల్లో యాక్సిడెంట్ అని రాశారు. బొగ్గుగని కార్మికుల కాలనీ అంతా అదే అనుకుంది. బయలుదేరే ముందు ఇద్దరూ గని మట్టిగుట్టల వెనక కూర్చుని ఏం పీల్చారో దవాఖానలో డాక్టరు యమున ఒక్కదానికే చెప్పాడు.

నిజానికి డాక్టరు చెప్పక్కర్లేదు. నెల రోజులుగా తమ్ముడి అంగీకి ఉన్న వాసన ఆమెకు తెలుసు. ఒకసారి అడిగింది. "అగర్బత్తి, అక్కా" అన్నాడు. నమ్మింది. నమ్మితే ప్రాణానికి హాయిగా ఉండింది.

డాక్టరు అన్న మాటను ఆమె ఇంటికి తీసుకుపోలేదు. నాయనకు చెప్పలేదు, కన్న అవ్వకూ చెప్పలేదు. రెండేళ్లపాటు ఆ మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఆ రెండేళ్లు గడిచాక, 2012 జూలైలో, ఒక వాన శనివారం జగదీశ్వర్ బడికి వచ్చాడు.

పెద్దపల్లి నుంచి ఈ బొగ్గుగనుల ఊరికి, ఖనికి, బస్సులో వచ్చాడు. మనిషి నిలువునా తడిసిపోయాడు. చంకలో యూరియా సంచి. ఆ సంచి విప్పితే లోపల పొడిపొడిగా ఒక ల్యాప్‌టాప్.

"సంచి మీరు కప్పుకోవాల్సింది సార్" అంది యమున.

"దీని వారంటీ అయిపోయింది మేడం. నాకింకా ఉంది."

ఆమె నవ్వలేదు. అతను నొచ్చుకోలేదు. హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థ పద్నాలుగు బడులకు ఇంటర్నెట్‌లో పాఠాలు పంపిస్తోంది. పిల్లలు మత్తు జోలికి పోకుండా చెప్పే పాఠాలు. ప్రతి శనివారం మూడో పీరియడ్‌లో పద్నాలుగు బడుల్లోనూ ఒకేసారి తెర మీదికి వస్తాయి. చివర్లో ఒక ప్రశ్నల పెట్టె ఉంటుంది. పిల్లలు పేరు చెప్పకుండా అందులో ఏదైనా అడగొచ్చు; ఏ ఊరి నుంచి వచ్చిందో మాత్రం కనిపిస్తుంది. ఆ ఏర్పాట్లన్నీ చూసేది జగదీశ్వర్. బడి తరఫున చూడాల్సింది సైన్స్ టీచర్ యమున. తమ్ముడు పోయినప్పటి నుంచి ముడుచుకుపోయిన యమున పిల్లల పనిలో పడితే తేరుకుంటుందని అనసూర్య మేడం దాన్ని ఆమెకు అప్పగించింది. మేడం గాని యమున గాని ఆ సంగతి ఎత్తలేదు.

మొదటి పాఠం తెర మీదికి వచ్చింది. తొమ్మిదో తరగతి సుమైరా లేచి గట్టిగా చదివింది.

"కుండ తాగరాదు. కుండ యువతను నాశనం చేయును. మీ మిత్రులు కలుపు ఇచ్చిన యెడల వలదు అని చెప్పుము. కీలును పంచుకొనరాదు."

చదివి ఆగింది. "మేడం, కుండ ఎట్ల తాగుతరు? కుండల నీళ్లు కద తాగేది."

"మా అవ్వ ఎండకాలమంత కుండనే తాగింది మేడం. మంచిగనే ఉన్నది" అన్నాడు వెనక బెంచీ పిల్లవాడు.

"మా చేన్ల కలుపు ఎవలన్న తీసుకపోతే మా బాపు వద్దనడు మేడం" అన్నాడు ఇంకొకడు.

క్లాసంతా పడిపడి నవ్వింది. జగదీశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. యమునకు రెండేళ్ల తర్వాత పెదవి చివర నవ్వు కదిలింది. అది కదిలినందుకే కోపం వచ్చింది. కంప్యూటర్ ఆపేసి అతన్ని వరండాలోకి పిలిచింది.

"ఏంది సార్ గిది?"

"ఇంగ్లీషుల మంచిగనే ఉండె మేడం. తెలుగు మాత్రం కంప్యూటరే రాసింది. ఆ మత్తుకు, దాని చుట్టకు ఇంగ్లీషుల ఉన్న మారుపేర్లు దానికి తెల్వలే. పాట్ అంటే కుండ అనుకున్నది. వీడ్ అంటే కలుపు. జాయింట్ అంటే కీలు."

"పంపేముందు ఒక్కసారి చదవలేదా?"

"పద్నాలుగు బడులకు ఒక్కన్నే మేడం. వైర్లు గుంజుడు, ఫోన్లు చేసుడు, అన్నీ నేనే."

"వైర్లు గుంజెటోళ్లకు తెలుగు రాదా?"

అతను ఏదో సాకు చెబుతాడనుకుంది. వాన చినుకులు వరండా అంచు దాటి అతని చెప్పుల మీద పడుతున్నాయి.

"వస్తది మేడం. తప్పు నాదే" అన్నాడు. "పాఠాలు మీరు రాసిస్తరా? ఈసారి ఒక్కొక్కటి రెండుసార్లు చదివి పెడుత."

అలా మొదలైంది. శనివారం బడి వదిలాక కంప్యూటర్ గదిలో ఆమె తెల్లకాగితాల మీద రాసేది, అతను టైపు చేసేవాడు. మాట ఇచ్చినట్టే ప్రతి వాక్యం రెండుసార్లు చదివేవాడు, రెండోసారి పైకే. గంటకోసారి కరెంటు పోయేది.

"ఇక్కడి బొగ్గుతోని పుట్టిన కరెంటు హైదరాబాద్‌ల ఫ్యాన్లు తిప్పుతది. మన ఫ్యాన్‌కేమో సెలవు" అనేవాడు.

"మీరు కూడ అటు పోకపోయిండ్రా? పని ఎక్కువ ఉంటది కద."

"పోతుంటి మేడం. కుండ ఆపింది."

ఈసారి ఆమె నవ్వింది. అతను తల వంచుకుని ఆరిపోయిన కంప్యూటర్ మీద టైపు చేయసాగాడు. కరెంటు లేదన్న సంగతి ఇద్దరికీ కాసేపటికి గాని గుర్తు రాలేదు.

పిల్లల కళ్లు ఊరుకుంటాయా? "మేడం, పెద్దపల్లి సార్ ఇయ్యాల కొత్త అంగీ ఏసుకున్నడు" అంది సుమైరా ఒకరోజు.

"నువ్వు పాఠం చూడు."

"పాఠంల అంగీ లేదు మేడం."

సెప్టెంబర్‌కు ఎనిమిదింటిలో ఆరు పాఠాలయ్యాయి. ఆరోది జగదీశ్వర్ రెండుసార్లు చదివాడు. తరువాత కాగితాలన్నీ మొదటి నుంచి తిరగేశాడు.

"ఒకటి అడుగుత, కోపానికి రావద్దు మేడం. నేను తెచ్చిన దాంట్ల కుండ ఉండె. మీరు రాసిన దాంట్ల చెడు అలవాటు ఉన్నది, మత్తు పదార్థం ఉన్నది, తప్పుదారి ఉన్నది. గంజాయి అన్న మాట నేనూ రాయలే, మీరూ రాయలే. పిల్లలు దేని గురించి అనుకోవాలె?"

యమున లేచింది. కాగితాలు అతని చేతిలోంచి తీసుకుంది. "మీకు నచ్చినట్టు రాసుకోండ్రి సార్" అని వానలోనే వెళ్లిపోయింది. గొడుగు కుర్చీకి వేలాడుతూ ఉండిపోయింది.

గొడుగు ఇవ్వడానికి జగదీశ్వర్ హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లాడు. అనసూర్య మేడం గొడుగు తీసుకుని, కుర్చీ చూపించి, సంపత్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. యాక్సిడెంట్ అని అందరికీ తెలిసినదే చెప్పింది. ఆ తరువాత, "ఆ పిల్ల ఇంకేందో మోస్తున్నది. అడిగితే చెప్పది" అంది.

తరువాతి శనివారం అతను వస్తాడో రాడో అనుకుంది యమున. మూడో పీరియడ్ కంటే ముందే వచ్చాడు. బడి వదిలాక ఎదురుగా నిలబడ్డాడు.

"పోయిన వారం అన్న మాట తప్పని అనను మేడం. అది ఎవలకు చెప్తున్ననో తెల్వక చెప్పిన. అది తప్పు."

రెండేళ్లలో ఎంతోమంది ఆమెను ఓదార్చారు. విధి అన్నారు, దేవుడన్నారు. ఇంత కొలిచి మాట్లాడినవాళ్లు లేరు. అంగీ వాసన గురించి, అగర్బత్తి గురించి, తాను నమ్మిన సంగతి గురించి, డాక్టరు మాట గురించి అతనికి చెప్పింది. చెబుతున్నంతసేపూ కిటికీ వైపే చూసింది. అయిపోయాక జగదీశ్వర్ లేచి వెళ్లి, గ్లాసు కడిగి, నీళ్లు తెచ్చి పెట్టాడు.

"ఏడో పాఠం నేనే చదువుత సార్" అంది యమున. "నా గొంతుతోనే పోవాలె."

జగదీశ్వర్ మైకు పెట్టాడు. ఆమె మొదలుపెట్టింది. "నా పేరు యమున. నాకొక తమ్ముడుండె. వాడు గంజాయి..."

సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో రాళ్లు పగలగొట్టే మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ రెక్కలు దడదడలాడాయి.

"మళ్ల చెప్పాలె మేడం."

రెండోసారి ఆ మాట దగ్గర ఆమె గొంతు వణికి సగంలో తెగిపోయింది. ఆమె తల ఎత్తలేదు.

"కరెంటు పోయింది మేడం. రికార్డు కాలే. ఇంకొక్కసారి" అన్నాడు జగదీశ్వర్.

అతని నెత్తి మీద ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. యమున దాన్ని చూసింది, అతన్ని చూసింది. అతను వైరు సరిచేస్తున్నట్టు వంగాడు. ఆమె మూడోసారి చదివింది. వాడు గంజాయి తాగేటోడు, నాకు అనుమానం వచ్చింది, నేను మళ్లీ అడగలేదు, మీరు అడగండి. ఈసారి గొంతు నిలబడింది.

ఆ అబద్ధానికి ఆమె అతనికి ఎన్నటికీ కృతజ్ఞురాలు.

నాయనకు ఆ సంగతి తానే చెబుతానని, అప్పటిదాకా ఇళ్లలో అనొద్దని యమున తన బడి పిల్లల దగ్గర మాట తీసుకుంది; వాళ్లు నిలబెట్టుకున్నారు. ఏడో పాఠం పద్నాలుగు బడులకు పోయిన రోజు ప్రశ్నల పెట్టెలోకి నలభై ఒక్క ప్రశ్నలు వచ్చాయి. అంతకుముందు వారాల్లో పది దాటలేదు. కొన్ని తమాషాలు. ఒకటి మాత్రం కొత్తగూడెం వైపు బడి నుంచి వచ్చింది.

"మా తమ్ముడు ఎర్రబడ్డ కండ్లు ఎవలకు కనపడకుంట రోజు చుక్కల మందు ఏసుకుంటుండు. బాపుకు చెప్తే కొడ్తడు. నేనేం చెయ్యాలె?"

యమున కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. జగదీశ్వర్ ఫోన్ చేసి కరీంనగర్‌లో ఇలాంటి అలవాట్లు మాన్పించే డాక్టరుతో మాట్లాడించాడు. ఇద్దరూ కలిసి గంటసేపు కూర్చుని జవాబు రాశారు. కొట్లాడకు, వదిలిపెట్టకు. వాడు ఒక్కడే ఉన్నప్పుడు అడుగు. అబద్ధం చెబితే రేపు మళ్లీ అడుగు. నువ్వు నమ్మే పెద్దవాళ్లు ఒకరిని వెంట తీసుకో. ఇది డాక్టరు నంబరు.

మూడు వారాలపాటు ఏ కబురూ లేదు. ఆ మూడు వారాలు యమున అన్నం సరిగ్గా తినలేదు. శనివారం కాని రోజు కూడా జగదీశ్వర్ ఫోన్ చేసి, "రాలేదు మేడం, వస్తది" అని పెట్టేసేవాడు. నాలుగో వారం వచ్చింది. "మా మేనమామను తోలుకొని దవాఖానకు పోయినం. తమ్ముడు నాతోని మాట్లాడుతలేడు. గాని రోజు ఇంటికి జల్ది వస్తుండు."

ఆమె దాన్ని చదివి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. జగదీశ్వర్ వాన చూసే నెపంతో బయటికి వెళ్లాడు. బయట వాన లేదు.

డిసెంబర్‌లో ఎనిమిది పాఠాలూ పూర్తయ్యాయి. ఇక శనివారాలు రావలసిన పని జగదీశ్వర్‌కు లేదు. ఆ వారం ప్రశ్నల పెట్టెలో పెద్దపల్లి నుంచి ఒకటి కనిపించింది. ఆ పద్నాలుగింటిలో ఒక్క బడీ అక్కడ లేదు.

"నాకు ఇరవై తొమ్మిది ఏండ్లు. శనివారం వచ్చిందంటే కాలు ఒక్కచోట నిలుస్తలేదు. ఖని బస్సు చూస్తే ఎక్కబుద్ధి అయితది. ఇది చెడు అలవాటా మేడం? మానాల్నంటే ఎట్ల?"

సుమైరా భుజం మీదుగా తొంగిచూసింది. "ఎవలు మేడం? కేసు సీరియస్ లెక్కనే ఉన్నది."

"నువ్వు క్లాసుకు పో."

"జవాబు రాయుండ్రి మేడం. పాపం, ఎదురు చూస్తుండొచ్చు."

యమున పిల్లను పంపించి, తలుపు దగ్గరగా వేసి, జవాబు రాసింది. రెండుసార్లు చదివింది. "మానకూడదు. మా నాయన గని ఫస్ట్ షిఫ్టు దిగి మూడున్నరకు ఇంట్ల ఉంటడు. ఆదివారం వచ్చి అడుగుండ్రి."

ఆదివారం అతను వచ్చాడు. ఒంటి మీద సుమైరా చెప్పిన అంగీయే. యమున నాయన లింగమూర్తి అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, ఊరు, ఇంటిపేరు, చెల్లెండ్ల పెళ్లిళ్లు అన్నీ అడిగాడు.

"పని ఏం చేస్తవు బిడ్డా?"

"కంప్యూటర్ల మీద పిల్లలకు పాఠాలు పంపుతం, మామా." ఆ మామ అన్న మాట నోరు జారి వచ్చింది. లోపలి నుంచి అవ్వ నవ్వు వినిపించింది.

"ఏం పాఠాలు?"

జగదీశ్వర్ యమున వైపు చూశాడు. ఆ జవాబు తనది కాదని అతనికి తెలుసు.

"ఆరోగ్యం పాఠాలు నాయనా" అంది యమున.

లింగమూర్తి తల ఊపాడు. "మంచి పని. మా సంపత్ చదివేటప్పుడు గిసొంటియి లేకపాయె" అన్నాడు. తరువాత జగదీశ్వర్ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "మా బిడ్డ నవ్వుడే మరిచిపోయి ఉండె. ఈ మూడు నెలల నుంచి ఇంట్ల నవ్వు వినపడ్తున్నది. ఎవలో ఏమో అనుకున్న. నువ్వేనన్నట్టు."

మాఘంలో ముహూర్తం పెట్టుకున్నారు. ఇప్పుడు పాఠాలు ఇరవై రెండు బడుల్లో వస్తున్నాయి. ఏడోది మళ్లీ మళ్లీ అడుగుతున్నారట. హైదరాబాద్ వాళ్లు తొమ్మిదో పాఠం కూడా కావాలన్నారు, తల్లిదండ్రుల కోసం. యమున ఒప్పుకుంది. అందులో సంపత్ సంగతి ఉంటుంది. ఆ పాఠం మొదట తన నాయన వినాలి.

అది ఆమె ఇంకా రాయలేదు.