మాస్క్ లేని ముఖం

ఫోటోగ్రాఫర్‌ని చంపినవాళ్ళు వెళ్తూ వెళ్తూ లైటు ఆర్పలేదు.

మరిచిపోయి కాదు. అతని డార్క్‌రూమ్‌లో ప్రతి ఫిల్ము పెట్టె మూతా తీసి, ప్రతి షీటూ నేల మీద పరిచి, నెత్తి మీద బల్బు వెలిగించి మరీ వెళ్ళారు. వెలుతురు తగిలిన ఫిల్ము మనిషిలాంటిదే. ఒకసారి పోయాక ఏ మందూ బతికించదు.

“ఒక్క షీటు బతికింది,” అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్, అందరూ పెద్దాయన అనే మనిషి. బల్ల మీద, షీటుకి వెలుతురు తగలకుండా దాచే హోల్డరు ఒకటి పలకలా నల్లగా ఉంది. చనిపోయే ముందు ఫోటోగ్రాఫర్ దాన్ని ఉతకాల్సిన చొక్కాల మధ్య పెట్టి లాండ్రీ బండికి వేశాడు. ఆ లాండ్రీ డిపార్ట్‌మెంట్‌దే. ఆ తర్వాత ఫోన్ చేసి రెండే మాటలు చెప్పాడట: అమ్ముడుపోయిన మనిషి ముఖం షీటు మీద ఉంది, ఆ మనిషి నెమలి, డాక్టర్ అనే మన ఏజెంట్లిద్దరిలో ఒకరు. పేరు చెప్పేలోగా లైను తెగింది.

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న ఏజెంటుకి ఫైల్లో ఒక నంబరుంది గానీ, కారిడార్లో అందరూ ఆమెని దిగులమ్మ అంటారు. టీ ఆలస్యమైతే టీ తెచ్చేవాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారనుకుంటుంది. ఫోను మోగితే చావు కబురనుకుంటుంది. మోగకపోతే, కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటుంది. ఆ గుణం వల్లే, ఆవిడతో పాటు సర్వీసులో చేరినవాళ్ళందరిలో ఆవిడొక్కతే ప్రాణాలతో ఉంది. మూతపడిన టైలరింగ్ షాపు మీద గదిలో ఒంటరిగా ఉంటున్నదీ ఆ గుణం వల్లే కావచ్చు.

పెద్దాయన బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. సరిహద్దు అవతల జాలరి అనేవాడి ముఠాలో ఏళ్ళ తరబడి దాక్కున్న మన ఏజెంటు, కోడ్ నేమ్ తమ్ముడు, ఈ సాయంత్రం బయటపడుతున్నాడు. చీకటి పడే వేళకి సరిహద్దు స్టేషన్లో రైలు దిగుతాడు. తూర్పు గేటు దగ్గర నెమలి, పడమటి గేటు దగ్గర డాక్టర్ కార్లతో కాచుకుని ఉంటారు. ఒక కారు ఇంటికి వస్తుంది. రెండోది ఎక్కడికి వెళ్తుందో పెద్దాయన చెప్పలేదు. దిగులమ్మ మనసులోనే పూర్తి చేసుకుంది, మూడు రకాలుగా.

“ఇద్దర్నీ ఆపేసి వేరేవాళ్ళని పంపకూడదా?”

“వాడికి తెలిసిన ముఖాలు ఆ రెండే. కొత్తవాళ్ళని చూస్తే ఎక్కడు. జాలరి మనుషులు అదే రైల్లో ఉన్నారు, కారెక్కకపోతే స్టేషన్ దాటలేడు.”

దిగే ముందు తమ్ముడు జేబు రేడియో ఒక్కసారి వింటాడు. లాండ్రీ ప్రకటన వస్తుంది. ‘బట్టలు ఆరాయి’ అంటే తూర్పు గేటు, నెమలి కారు. ‘బట్టలు ఆరలేదు’ అంటే పడమటి గేటు, డాక్టర్ కారు.

తమ్ముడు ఆవిడకి రక్తసంబంధం కాదు, గొంతు సంబంధం. రేడియోలో వినడమే తప్ప ఇన్నేళ్ళుగా అతన్ని చూసిందే లేదు. కానీ ఆవిడని అక్కా అని పిలిచే గొంతు లోకంలో అదొక్కటే.

“అయితే షీటు కడిగేస్తాను. మందులు కలపమనండి.”

“కడిగితే పోతుంది,” అన్నాడు పెద్దాయన. “మామూలు కలర్ నెగెటివ్ నారింజ రంగులో ఉంటుంది చూడు, ఆ పొరని మాస్క్ అంటారు. ఇది మాస్క్ లేని రకం. తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. మనవాడు దీన్ని నెగెటివ్‌గా కడగడు. ముందు బ్లాక్ అండ్ వైట్ డెవలపర్లో, తర్వాత వెలుతురు చూపించి కలర్ డెవలపర్లో. స్లైడులా నేరుగా బొమ్మ వస్తుంది. ఎందులో ఎంతసేపో అతనికే తెలుసు.”

అంటే ఇలాంటివే ఖాళీ షీట్లు ముందు కొన్ని పాడుచెయ్యాలి. పాడుచేసి నేర్చుకుని, అప్పుడు ఈ ఒక్కదాని మీద చెయ్యి వెయ్యాలి. దొరికితే.

ఖాళీ షీట్ల కోసం డిపార్ట్‌మెంట్ అంతా వెతుకుతుంటే, ఒక పెట్టె దొరికిందని నెమలే కబురు పంపింది. ఊళ్ళో రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లో సినిమా మేకప్ ఆర్టిస్టు వేషంలో, ఈకల టోపీతో, అందరూ తననే చూసేలా కూర్చుంది. గూఢచారిణి దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదని ఆమె సిద్ధాంతం. ఒక పెట్టె దిగులమ్మ ఒళ్ళో పెట్టింది.

“పాత ఏరియల్ సర్వే గోదాములోంచి నేనే స్వయంగా తెచ్చా, దిగులమ్మగారూ. ఒక్క థాంక్స్ చెప్తే మీ సొమ్మేం పోదు.”

“జాగ్రత్తగా వెళ్ళు,” అంది దిగులమ్మ. అంతకన్నా పెద్ద ఆశీర్వాదం ఆవిడ దగ్గర లేదు.

నెమలి సరిహద్దు దారి పట్టాక, దిగులమ్మ కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు కుట్టిన కోటు అది. లోపలి నల్ల అస్తరు జిప్పు వేస్తే వెలుతురు చొరని సంచీ అవుతుంది, కోటు చేతుల్ని తిరగేసి వాటిలోంచి లోపలికి చేతులు దూర్చవచ్చు. పట్టపగలు, వచ్చేపోయే జనం మధ్య, ఆవిడ వేలు నాలికకి తడుపుకుని కోటులోకి పోనిచ్చి పెట్టె తెరిచింది. షీటు ఫిల్ముకి మూలన చిన్న గాట్లుంటాయి, చీకట్లో ఏ రకమో వేళ్ళకి తెలియడానికి. ఇక్కడ గాట్లు లేవు. మందు ఉన్న పక్కే తడి వేలికి అంటుకోవాలి. ఇది రెండు పక్కలా అంటుకుంది.

ఎక్స్‌రే ఫిల్ము.

ఫోన్లో పెద్దాయన నిట్టూర్చాడు. నెమలి అబద్ధం తేలిపోయింది కాబట్టి తమ్ముణ్ణి డాక్టర్ గేటుకే పంపుదామన్నాడు. దిగులమ్మకి మాత్రం మనసొప్పలేదు. ఎప్పుడూ కీడెంచే మనిషి ఆవిడ. కీడు ఇంత తేలిగ్గా చేతికి దొరికితే, దాని వెనక ఇంకో కీడుందనిపించింది.

“ప్రకటన టైము దాకా ఆగండి,” అంది. “బొమ్మ చూడకుండా వాణ్ణి ఎవరికీ అప్పగించకండి.”

అసలు రకం షీట్ల కోసం షాపులు పట్టుకు తిరిగింది. మొదటి షాపతను షీట్లంటే దుప్పట్లమ్మే వీధి చూపించాడు. రెండో షాపతను, ఇంకా ఫిల్ము వాడేవాళ్ళున్నారా అని, మ్యూజియంలో బొమ్మని చూసినట్టు చూశాడు. మూడో చోట ఒక ముసలి రిపేరర్ ఆలోచించి, విమానంలోంచి నేల ఫోటోలు తీసిన సర్వేయర్ ఒకాయన లిఫ్టు పనిచెయ్యని మేడలో పై అంతస్తులో ఉంటాడని చెప్పాడు.

సర్వేయర్ తలుపు గొలుసు వేసే తెరిచాడు. అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసమని దిగులమ్మ కవర్ స్టోరీ అందుకుంది. ఆవిడకి అమ్మాయి లేదు. కానీ చెబుతున్న కొద్దీ ఆ లేని అమ్మాయి మీద ఆవిడకి నిజంగానే బెంగ పట్టుకుంది. ఒకటే డార్క్‌రూమ్ అంటుందని, మందుల వాసనలో పొద్దస్తమానం ఉంటుందని, స్వెటర్ వేసుకోమంటే వినదని చెప్పుకుపోయింది.

“పిల్లలంతే,” అంటూ సర్వేయర్ గొలుసు తీశాడు.

ఫ్రిజ్‌లో మందుసీసాల వెనక, టేపు వేసిన పెట్టె ఉంది. విమానంలోంచి చూస్తే పొగమంచు ఎలాగూ రంగులు తినేస్తుంది, పైన నారింజ పొర కూడా ఎందుకని అప్పట్లో ఇది వాడేవాళ్ళమని చెప్పాడు. డబ్బు వద్దన్నాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. దిగులమ్మ కిటికీలోంచి పొద్దు చూసింది. బల్ల మీద ఒకటే కప్పుంది, రెండోది అటక మీంచి దించి దుమ్ము తుడుస్తున్నాడాయన. కాదనలేక నిలబడే తాగింది, నాలిక కాల్చుకుంటూ.

“అమ్మాయిని ఫోటోలు తెచ్చి చూపించమనండి.”

“పంపిస్తానండీ.”

డార్క్‌రూమ్ తలుపు మూసుకున్నాక ఇక ఎవరూ లేరు. కలర్ ఫిల్ముకి ఎర్ర బల్బు కూడా పనికిరాదు, కటిక చీకటి. ఎదురింటి గోడని ఫోటోగ్రాఫర్ కెమెరాతోనే తీసిపెట్టుకున్న మూడు షీట్లని ముందు కడిగింది. మొదటి షీటు మసిబొగ్గులా వచ్చింది. మొదటి డెవలపర్లో ఎక్కువసేపు ఉంచితే రెండోది వెలిసిన చీరలా పాలిపోయింది. రెంటికీ మధ్యన పట్టుకుంటే మూడోదాంట్లో గోడ గోడ రంగులో నిలబడింది.

అప్పుడు హోల్డరు తెరిచింది. వేలితో మూల తడిమింది. సర్వేయర్ షీట్లకున్న గాట్లే. చచ్చిపోయిన మనిషి ఆఖరి చూపు తన చేతిలో ఉందనిపించింది. చెయ్యి జారితే, మందు వేడెక్కితే, తలుపు కింద సన్నటి గీత వెలుతురు చొస్తే... ఒక్కొక్కటీ ఊహించుకుంటూ, ఒక్కొక్కటీ జరగకుండా చూసుకుంటూ కడిగింది.

రేడియో స్టూడియోలో పెద్దాయన మైకు దగ్గరికి వంగాడు. “మా లాండ్రీ కస్టమర్లకి విన్నపం. ఈరోజు మీ బట్టలు...”

తలుపు తోసుకుని దిగులమ్మ వచ్చింది. చేతిలో షీటు నీళ్ళు కారుతోంది. నారింజ ఛాయ లేని తేట ఫిల్ము మీద హోటల్ కిటికీ, జాలరి, అతని గ్లాసుకి గ్లాసు తాకిస్తూ నవ్వుతున్న డాక్టర్.

తడి షీటు ఎత్తిపట్టుకుని, మైకు తన వైపు లాక్కుని ఆవిడే చెప్పింది. “బట్టలు ఆరాయి.”

తర్వాత నెమలి వైర్‌లెస్‌లోకి వచ్చింది. తమ్ముడు ఎక్కాడని, కారు స్టేషన్ దాటిందని, పడమటి గేటు దగ్గర డాక్టర్‌ని పోలీసులు పట్టుకున్నారని చెప్పింది. ఆ పెట్టె గురించి అడిగితే గొంతు తగ్గింది. సర్వే గోదాములోంచి తెప్పించానంటూ దాన్ని డాక్టరే ఇచ్చాడని, పేరు తనకే రావాలని తానే తెచ్చినట్టు చెప్పానని ఒప్పుకుంది.

“నన్ను అనుమానించారా?”

“నేను నన్ను కూడా అనుమానిస్తాను,” అంది దిగులమ్మ. “డాబుసరి మానుకో. చచ్చిపోతావ్.”

వైర్‌లెస్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత ఆ గొంతు.

“అక్కా. అన్నం తిన్నావా?”

పొద్దుట్నుంచీ ఒక్క టీ తప్ప ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. వంట చెయ్యడానికి గదికి వెళ్ళాలి. గదిలో ఎవరూ ఉండరు.

“ఆ, తిన్నాను.”

“అబద్ధం,” అన్నాడు తమ్ముడు.

ఇన్నేళ్ళ సర్వీసులో దిగులమ్మ కవర్ బద్దలవడం అదే మొదటిసారి.