తొమ్మిది మంది అపరిచితులపై ఒక అభిప్రాయం

"అభిప్రాయం రాయమంటే ఏకంగా శిక్ష వేసేశారేంటండీ?"

లైబ్రరీ కౌంటర్ దగ్గర సంతకం పెడుతున్న అతను తలెత్తాడు. ఎదురుగా ఆమె. చేతిలో పాఠకుల అభిప్రాయాల నోట్‌బుక్. తెరిచి ఉన్న పేజీ అతను రాసిందే.

అతను వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు సానపట్టి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఆమె పక్క ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. అతను చదివి ఇచ్చేసిన నవలే ఇప్పుడామె చదువుతోంది. ఒక రైలు పెట్టెలో తొమ్మిది మంది అపరిచితులు, మూడో స్టేషన్ దాటేసరికి ఒకడి శవం. తీరా చూస్తే మిగతా ఎనిమిది మందికీ ఆ చచ్చినవాడితో ఏదో ఒక సంబంధం.

అతను రాసింది ఇది: "ఇంతమందికి ఒకడితోనే లింకా? నమ్మలేం. చంపింది నర్సని నలభయ్యో పేజీలోనే కనిపెట్టేశాను. టైమ్ వేస్ట్."

"నేనింకా ముప్పై ఎనిమిదిలో ఉన్నానండీ!" అందామె.

"సారీ. అయినా ఆ నవల్లో ఇంకేముందని?"

"ఆ నర్సుంది. పన్నెండేళ్ళు వాడి కోసం ఎదురుచూసింది. ఎదురుగా కూర్చున్నా వాడు గుర్తుపట్టలేదు. మీకు క్లూలు తప్ప మనుషులు కంటికి ఆనరా? కళ్ళజోళ్ళ షాపేగా మీది, ఒకటి పెట్టుకోండి!"

లైబ్రేరియన్ మాస్టారు రిజిస్టర్ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

అతనికి ఉక్రోషం వచ్చింది. ఆమె తిరిగిచ్చాక నవల మళ్ళీ తీసుకెళ్ళి చదివాడు. నర్సు దగ్గరికొచ్చేసరికి ఈసారి పేజీ తిప్పబుద్ధి కాలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ వేసి, తర్వాతి శనివారం ఆమెతో ఇంకో క్లూ గురించి గొడవేసుకున్నాడు. ఆపై శనివారం ఇంకోటి. వాన పడితే లైబ్రరీ మెట్ల మీద నిలబడి మరీ వాదించుకునేవాళ్ళు. ఆమె కోపంలో కళ్ళు చికిలించేది. అతను కావాలనే రెచ్చగొట్టేవాడు.

ఏడో శనివారం ఆమె రాలేదు. ఎనిమిదో వారమూ రాలేదు.

"ఆ అమ్మాయికి వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందటయ్యా. సోమవారం ప్రయాణం. నీకు చెప్పలేదూ?" అన్నారు మాస్టారు.

అతను షాపుకెళ్ళి కుడి లెన్సు ఎడమవైపు బిగించాడు. విప్పాడు. మళ్ళీ అలాగే బిగించాడు.

"ఏంట్రా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు? పో, ముందు ఆ పనేదో చూసుకునిరా!" కసిరాడు షాపు నడిపే బాబాయి.

మాస్టారినడిగి అడ్రసు పట్టుకుని, వానలో తడుస్తూ వెళ్ళాడు. తలుపు తీసింది ఆమె అక్క. వెనకాల బావగారు, పేపరు. గది మధ్యలో ఆమె, సగం సర్దిన పెట్టె.

"ఆ నవల గురించి నా అభిప్రాయం మారిందండీ," అన్నాడతను, ఇంకేం తోచక.

"అది చెప్పడానికా ఇంత వానలో వచ్చారు?" నోరు తెరిచింది అక్క.

ఆమె మాత్రం నవ్వలేదు. అతను గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు.

"వెళ్ళిపోతున్నట్టు నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడైనా అడిగారా? ఆరు శనివారాలు! తలుపు గడియ ఎవరు తీశారని అడిగారు, కత్తి ఏమైందని అడిగారు. నా గురించి ఒక్క ముక్క అడిగారా? ఎన్నాళ్ళని చూడను?"

"ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

బావగారి చేతిలో పేపరు జారింది.

ఆమె పెట్టె మూత పట్టుకుని అలాగే నిలబడింది. "ఉద్యోగం మానను."

"మానమని ఎవరన్నారు? చత్వారం వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఉండరా? నా పని ఎక్కడైనా దొరుకుతుంది."

"సోమవారం పొద్దున్నే బస్సు," గొంతు సవరించుకున్నారు బావగారు. "రెండు పెట్టెలు, ఒక పరుపు. నాకా నడుం నొప్పి. మీ పెద్దవాళ్ళు మాట్లాడటానికి ఎప్పుడొచ్చినా సరే, నువ్వు మాత్రం ఆరింటికల్లా ఇక్కడుండాలి."

"ఐదింటికే ఉంటానండీ."

ఆమె టవల్ తెచ్చి అందించింది. అతను పట్టుకున్నా వదల్లేదు.

"ఒకటి చెప్పనా? నువ్వు రాకపోతే రేపు నేనే షాపుకొచ్చేదాన్ని."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని ముందు గమనించింది అక్క. బావగారిని చెయ్యి పట్టి లేపి, వంటింట్లోకి లాక్కెళ్ళింది.